మొండికేసిన స్టీరింగు, యాభై రెండు పెట్టెలు

బయల్దేరేటప్పుడు, తేనెటీగలు పెంచే ఇంతా అనే అతని చేతిలో ఉన్నవి ఇవి: తేనెటీగల పెట్టెలు యాభై రెండు, పదిహేడేళ్ల పాత పికప్ బండి ఒకటి, ఫ్రావ్ లోయలో లాంగన్ తోట ఉన్న ఒక ముసలాయన ఇచ్చిన మాట, ఎండ ముదిరేలోపల మూడు గంటల సమయం. వీటిలో చివరిదే అన్నిటికంటే విలువైనదని అతనికి తెలుసు. అయినా ముందుగా దాన్లోంచే ఖర్చు పెట్టాడు.

మార్చి నెల. చియాంగ్‌మైకి ఉత్తరాన ఫాంగ్ వైపు లీచీ పూత రాలిపోయింది. కొండ అవతల ఫ్రావ్‌లో లీచీకి తమ్ముడిలాంటి లాంగన్ పూత విచ్చుకుంటోంది. ఆ పూత ఉండేది ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో పెట్టెలు నిండితే ఆ ఏడు వ్యాపారం చేసినట్టు. నిండకపోతే ఏడాదంతా ఈగలకు చక్కెర పాకం పోసి పోషించినట్టు.

పెట్టెలు మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ఈగలన్నీ లోపలున్న వేళ, తెల్లవారకముందే పెట్టెల వాకిళ్లలో స్పాంజి ముక్కలు కుక్కి మూసెయ్యాలి. బండికెక్కించి కదలాలి. బండి నడుస్తున్నంతసేపూ గాలి ఆడుతుంది. ఆగిందా, లోపలి ఈగలు కంగారుపడి రెక్కలాడిస్తాయి, ఆ ఆడించడంతోనే పెట్టె ఇంకా వేడెక్కుతుంది. దానికి ఎండ తోడైతే మైనం మెత్తబడి తేనెపట్టు జారిపోతుంది. అందులోని తేనెలోనే ఈగలు మునిగి చస్తాయి. పెట్టెను తెరిస్తే బతుకుతాయి, కానీ తెరిచాక సాయంత్రందాకా మూయడానికి ఉండదు. బయటికి పోయినవి చీకటి పడితే గాని ఇల్లు చేరవు.

ప్రతి ఏడూ ఇంతా ఒక ట్రిప్పులో నలభై నాలుగు పెట్టెలు ఎక్కించేవాడు. ఈసారి మొత్తం ఒకేసారి తేల్చేద్దామనుకున్నాడు.

"నలభై నాలుగు చాలయ్యా. ఎప్పుడూ అంతే కదా," అంది అతని భార్య సీపన్.

"మిగతా ఎనిమిదింటికీ మళ్లీ కొండెక్కి రావాలా? డీజిలెవరు పోస్తారు, మీ అన్నయ్యా?"

"మా అన్నయ్య పోసిన రోజులూ ఉన్నాయిలే. నీకే గుర్తుండవు."

ఎనిమిది పెట్టెల కోసం కట్టిన తాళ్లన్నీ విప్పి మళ్లీ పేర్చారు. యాభై నిమిషాలు పోయాయి. బండికి ముందునుంచీ ఒక జబ్బు ఉంది. పవర్ స్టీరింగు నూనె చుక్క చుక్క కారుతుంది. సీలు మార్చాలంటే మెకానిక్ ఆరువందల బాట్లు అడిగాడు. వారానికోసారి కాస్త పోసుకుంటే సరిపోయేదానికి ఆరువందలెందుకని ఇంతా సీటు కింద ఒక సీసా నూనె ఉంచుకున్నాడు. ఆ తెల్లవారుజామున, ముసుగూ చేతితొడుగులూ తియ్యకుండానే, నుదుటికి కట్టుకున్న ఎర్ర లైటు వెలుగులో బానెట్ ఎత్తి, చేతికందిన సీసాలోంచి సగం పోసి మూత బిగించాడు. ఈ పని చేసేవాళ్లందరూ ఎర్ర లైటే వాడతారు. తెల్ల లైటు వేస్తే ఈగలు మొహం మీదికి వస్తాయి. ఎరుపు వాటి కంటికి ఆనదు.

కొండ సగం ఎక్కేసరికి బానెట్ కింద సన్నగా మూలుగు మొదలైంది.

"ఏదో ఏడుస్తోంది," అంది సీపన్.

"బరువుకి. దిగుడులో ఊరుకుంటుంది."

కొండ నెత్తిన భూతాల గుడి దగ్గర అందరిలాగే ఇంతా మొక్కుగా మూడుసార్లు హారన్ కొట్టాడు. అప్పటికి ఏడయింది. తగలబెట్టిన పొలాల పొగలో సూర్యుడు ఎర్రగా, మసకగా ఉన్నాడు. చూడ్డానికి చల్లగా ఉన్నా వేడికి ఏమీ తక్కువ లేదు.

దిగుడులో మూడో మలుపు దగ్గర స్టీరింగు పోయింది.

పోయిందంటే ఊడి చేతిలోకి రాలేదు. అంతవరకూ రెండు వేళ్లతో తిరుగుతున్నది ఒక్కసారిగా గోడకు దిగ్గొట్టిన మేకులా బిగుసుకుంది. బానెట్ కింద ఏదో ఠప్పున తెగింది. రోడ్డు ఎడమకు తిరిగింది, బండి తిన్నగా పోతోంది. ఎదురుగా కంచె లేదు, వెదురు పొదల చివుళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంతా బ్రేకు తొక్కి, సీట్లోంచి లేచి, ఒంటి బరువంతా స్టీరింగు మీద వేసి లాగాడు. కుడివైపు ముందు చక్రం గులకరాళ్లలోకి దిగి కరకరలాడింది. వెనక తాళ్లు కిర్రుమన్నాయి. యాభై రెండు పెట్టెల ఈగలు ఒకేసారి హోరెత్తాయి. బండి, నచ్చని పనికి లేచిన మనిషిలా, మెల్లగా ముక్కు తిప్పింది.

మలుపు దాటాక సీపన్ డాష్‌బోర్డు మీంచి చేతులు తీసింది.

"తిరగాలని ఉందా, తిన్నగా పోవాలని ఉందా అని అడుగుదామనుకున్నాను. తీరిక లేకపోయింది."

కాస్త వెడల్పు దొరికిన చోట బండి ఆపి బానెట్ ఎత్తాడు. స్టీరింగు పంపును తిప్పే బెల్టు రెండు ముక్కలై వేలాడుతోంది. పంపు చక్రాన్ని గుడ్డతో పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. లోపల అతికించినట్టుంది. అతని అదృష్టం, పాత బండి కావడంతో ఆ బెల్టు పంపు ఒక్కదానికే. ఇంజను మామూలుగానే తిరుగుతోంది.

సీపన్ అతని భుజం మీంచి తొంగి చూసి ముక్కు ఎగబీల్చింది.

"ఇదేం వాసనయ్యా? పాకం ముదిరిన వాసన."

"నూనె కాలిన వాసన."

"నలభై ఏళ్లుగా వంట చేస్తున్నాను, నాకు చెప్పకు." పంపు మీది నూనె డబ్బా మూతను పమిటచెంగులాంటి తన మెడ గుడ్డతో పట్టుకుని తిప్పింది. మూతకు లోపల అంటుకున్నదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. వేళ్లు విడదీస్తే సన్నటి తీగ సాగింది. "నూనె జిడ్డుగా ఉండాలి కదా. జిగురుగా ఉందేం?"

ఇంతా ఆ తీగవంక చూశాడు. వాళ్ల దగ్గర అన్నీ ఒకే రకం మంచినీళ్ల సీసాల్లో ఉంటాయి. పాకం ఒకదాన్లో, నూనె ఒకదాన్లో. పగలైతే నూనె ఎర్రగా ఉంటుంది కాబట్టి పసిపిల్లలు కూడా తేడా చెప్పగలరు. ఎర్ర లైటులో ఎరుపు ఎరుపులా ఉండదు. రెండూ నీళ్లలాగే కనిపిస్తాయి.

"లైటులో రెండూ ఒకలాగే ఉన్నాయి," అన్నాడు.

"మరి ముక్కు?"

"ముసుగేసుకున్నా. పైగా పొగ."

"వేళ్లు?"

"తొడుగులున్నాయి."

"బుర్రకి కూడా తొడిగావేమో చూసుకో." అంతలో ఆమె మొహం మారింది. తెల్లవారుజామున బలహీనంగా ఉన్న నాలుగు పెట్టెలకు పాకం పోసింది ఆమే. "అయితే నేను పోసింది ఏ సీసాలోంచి?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సీపన్ గబగబా వెళ్లి సీటు కింద చెయ్యి పెట్టింది. నూనె సీసా అక్కడే ఉంది. నిండుగా, ఎర్రగా, మూత బిగించింది బిగించినట్టే.

"ఈగలు పాకమే తాగాయి," అంది. "బండి కూడా తాగింది, అంతే."

ఇంతా రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని లెక్క వేశాడు. ఫ్రావ్ నుంచి మెకానిక్ రావాలంటే రెండు గంటలు. వచ్చినా పంపు వెంటబెట్టుకుని రాడు. ఇక్కడే పెట్టెలు తెరుద్దామంటే ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో లారీలు. దించడానికి చోటు లేదు. కాబట్టి ఆగితే అన్నీ పోతాయి. ఇక మిగిలింది నడపడమే. పవర్ పోయిందిగాని స్టీరింగు ఉంది. బిగువుగా ఉన్నా తిరుగుతుంది. ఎంత బలంతో లాగాలన్నదే లెక్క.

"నువ్వు ఇటు జరుగు," అన్నాడు. "నేను లాగు అన్నప్పుడు లాగు. బండి కదలనప్పుడు మాత్రం ముట్టుకోకు, దేవుడొచ్చినా తిరగదు."

మొదటి గేరులో బయల్దేరారు. మలుపు ముందు అతను "లాగు" అనేవాడు. ఆమె రెండు చేతులతో కింద నుంచి లాగేది, అతను పైనుంచి తోసేవాడు. బండి కొద్దికొద్దిగా తిరిగేది. మలుపు అయిపోయాక మళ్లీ తిన్నగా తేవడానికి అంతే పని. రెండో మలుపుకే ఇంతా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మూడోదాని దగ్గర వెనక వచ్చిన గుమ్మడికాయల లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొట్టి, పక్కనుంచి పోతూ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం బాబాయ్, ఇద్దరూ కలిసి నేర్చుకుంటున్నారా?"

"నీ పెళ్లయ్యాక నువ్వూ నేర్చుకుందువుగాని పో," అంది సీపన్. తర్వాత ఇంతా వైపు చూడకుండానే అంది: "ముప్పై ఏళ్ల కాపురంలో ఇద్దరం ఒకే వైపు లాగడం ఇదే మొదలు."

అతనికి నవ్వొచ్చింది గాని నవ్వడానికి ఊపిరి లేదు.

ఇరవై ఐదు నిమిషాల దిగుడుకు గంటంబావు పట్టింది. అంత మెల్లగా పోతుంటే గాలి ఆడదు. కొండ పాదం చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. అతని చేతులు భుజాల దగ్గర్నుంచి వణుకుతున్నాయి. ముసలాయన తోట ఇంకా పదిహేను కిలోమీటర్లు. మధ్యలో ఫ్రావ్ సంత వీధి, రెండు కూడళ్లు. ఆ చేతులతో సంతలో బండి నడిపితే ఎవరి కూరగాయల బుట్ట మీదికైనా ఎక్కిస్తాడు.

బండి ఆపాడు. సీపన్ వెనక్కి వెళ్లి తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ పెట్టెల మీద చల్లింది. ఒక్కో పెట్టెకు చెవి ఆనించి వింది. పక్కన ఉన్నవి హోరుమంటున్నాయి. ఆ హోరు మంచిదే. మధ్య వరసలో చేతికందినంతవరకు తట్టి, మళ్లీ వింది.

"లోపలివి కొన్ని మాట్లాడటం లేదు," అంది.

రోడ్డు పక్కనే లాంగన్ తోట. కొమ్మకొమ్మకూ లేత పసుపు పూత గుత్తులు. చెట్ల కింద వరసగా నీలం రంగు పెట్టెలు. ఆ నీలం ఎవరిదో ఇంతాకు తెలుసు. బండి మరోచోట ఆగి ఉంటే బాగుండేదనుకున్నాడు.

తేనెటీగలవాళ్లలో ఒక కట్టు ఉంది. ఒకరి పెట్టెలు ఉన్న చోటికి మూడు కిలోమీటర్ల లోపల అడక్కుండా మరొకరు దించకూడదు. కిందటేడు ఇంతా అడక్కుండా ఇదే తోట పొలిమేరలో తన పెట్టెల్లో ముప్పై దించాడు. తోటా, నీలం పెట్టెలూ లమ్‌దువన్‌వి. ఆమె వచ్చి అడిగితే, పూలకు పేర్లు రాసి ఉంటాయా అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

లమ్‌దువన్ అరవైకి దగ్గరపడిన మనిషి. పాక ముందు బోర్లించిన బుట్ట మీద కూర్చుని జిగురన్నం ముద్ద మిరపకాయ పచ్చడిలో అద్దుకుని తింటోంది. లేవలేదు.

"దారి తప్పావా తమ్ముడూ?"

"స్టీరింగు పోయిందక్కా. ఈ పూటకి ఇక్కడ దించి వాకిళ్లు తీస్తాను. చీకటి పడగానే మూసుకుని పోతాను."

"పూలకి పేర్లు రాసి ఉంటాయా అన్నావుగా. నువ్వు పోయాక నేనూ వెతికాను. ఎక్కడా లేవు." ముద్ద నమిలి మింగింది. "నేలకి మాత్రం రాసి ఉంది. పట్టా తెచ్చి చూపించనా?"

"నీకేం కావాలో చెప్పు."

"పన్నెండు చట్రాలు. పిల్లలున్నవి, ఈగలతో సహా. జనవరిలో పక్క తోటవాడు మందు కొట్టాడు. నా పెట్టెలు సగం సగం ఖాళీ."

ఒక పెట్టెలో ఉండేది పట్టు కట్టిన పది చట్రాలు. పన్నెండంటే ఒక పెట్టె మీద కాస్త ఎక్కువ. అవతలి పక్క యాభై రెండు పెట్టెలు. ఎవరిని అడిగినా ఒప్పుకోమంటారు. ఇంతా కూడా ఒప్పుకుందామనే నోరు తెరిచాడు.

"ఆరు," అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఎవరు ఎంత చెప్పినా అందులో సగం అనడం అతనికి అలవాటు. మనసుకంటే ముందు ఆ అలవాటే పలికింది. ఒకసారి ఆరు అన్నాక పన్నెండు అనడానికి మొహం చెల్లదు.

"పన్నెండు," అంది లమ్‌దువన్, ఇంకో ముద్ద చేసుకుంటూ.

"ఒక్క పూటకక్కా. నా ఈగలు నీ పూత ఎంత తినేస్తాయి? ఏడు."

"ఆకలిగా ఉన్న ఈగలు. ఇక్కడికే వినిపిస్తోంది. పదకొండున్నర."

"సగం చట్రం ఎట్లా కోస్తావు?"

"రంపంతో."

"ఏమయ్యా, ఇచ్చెయ్," అంది బండి దగ్గర్నుంచి సీపన్.

"నువ్వుండవే."

అతను తన నష్టాలు ఏకరువు పెట్టాడు. ఆమె జనవరిలో చచ్చిన ఈగల్ని తట్టలతో ఎత్తిపోసిన సంగతి చెప్పింది. ఎనిమిది అన్నాడు. పది అంది. లాంగన్ ముసలాయన తనకు మాట ఇచ్చి ఎదురుచూస్తున్నాడన్నాడు. అయితే అక్కడికే పో అంది. ఎండ చెట్ల మీంచి దిగి బండి పక్కకు వచ్చింది. సీపన్ అప్పటికే కొడవలి తీసి తాళ్లు కోస్తోంది. అది చూసి లమ్‌దువన్ చెయ్యి కడుక్కుని లేచింది.

"తొమ్మిది. నీ మొహం చూసి కాదు, మా మరదలు తాళ్లు పాడు చేసుకుంటోందని."

"తొమ్మిది," అన్నాడు ఇంతా. బేరానికి పావుగంట పట్టింది.

బేరం కుదిరాక లమ్‌దువన్ ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. పాకలోంచి ఇద్దరు కూలీలను పిలిచి, తనూ ఒక పెట్టె ఎత్తింది. అయిదుగురూ కలిసి దించినది దించినట్టే స్పాంజి లాగేశారు. ఈగలు నీళ్లు ఒలికినట్టు వాకిళ్లలోంచి బయటికి దొర్లి, రెక్కలు ఆరబెట్టుకుని, ఒక్కొక్కటే పూత వైపు లేచాయి. ఇంతా ముసుగు వేసుకోవడం మరిచిపోయాడు. మెడ మీద ఏడెనిమిది కుట్టాయి.

మధ్య వరసలో ఆరు పెట్టెల నుంచి ఏమీ రాలేదు. మూత ఎత్తితే మైనం జారి ముద్దగా కూలి ఉంది. తేనెలో తడిసి నల్లబడ్డ ఈగలు అడుగున కుప్పగా ఉన్నాయి.

లమ్‌దువన్ ఒక్కొక్క దాన్లో చెయ్యి పెట్టి చూసింది. నాలుగింటిని పక్కకు నెట్టేసింది. మిగతా రెండింటి దగ్గర ఆగింది. తేనెలో కొన్ని ఈగలు ఇంకా కాళ్లు ఆడిస్తున్నాయి. ఒక మూల పట్టు ఇంకా నిలబడే ఉంది. ఆమె చూస్తుండగానే అదీ ఒరిగి పడింది.

"ఆ నాలుగూ కొండ మీదే పోయాయి," అంది. "ఈ రెండూ ఇక్కడికి వచ్చాక పోయాయి."

దెప్పుతున్నట్టు అనలేదు. పనివాళ్లు పని గురించి మాట్లాడుకునే గొంతుతోనే అంది. సీపన్ తొట్టి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కుంది. ఆ పని చాలాసేపు చేసింది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చి పంపు విప్పాడు. లోపలినుంచి గోధుమరంగు గడ్డ ఒకటి తీసి, వాసన చూసి, నాలిక చివర పెట్టుకున్నాడు.

"ఇరవై రెండేళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాను బాబాయ్. తినదగ్గ సామాను రావడం ఇదే మొదటిసారి."

పాత పంపు పనికిరాదు. ఆ మోడలుది చియాంగ్‌మై నుంచి తెప్పించాలి, రేపు సాయంత్రానికి వస్తుందన్నాడు. అంటే ఈగలు ఇంకో రోజు లమ్‌దువన్ పూత మీదే మేస్తాయి. ఇంతా వెళ్లి ఆమెకు సంగతి చెప్పాడు.

"రెండో రోజుకి మూడు," అంది ఆమె.

"సరే," అన్నాడు ఇంతా.

ఆమె అతనివంక కాసేపు చూసింది. రెండు అంటాడని ఎదురుచూసినట్టుంది.

మర్నాడు చీకటి పడ్డాక పన్నెండు చట్రాలు ఇచ్చాడు. బలమైన పెట్టెల్లోంచి ఆమే ఎంచుకుంది, కానీ ఏ పెట్టెలోంచీ ఒకటికి మించి తీయలేదు. రాణి ఉన్న చట్రం కనిపిస్తే జాగ్రత్తగా తిరిగి పెట్టేసింది. బయల్దేరేముందు సీపన్ చేతిలో ఒక పొట్లం జిగురన్నం పెట్టింది. వచ్చే ఏడు ఇటు వస్తే ముందుగా ఫోను చెయ్యమంది. ఆ మాట సీపన్‌తోనే చెప్పింది, ఇంతాతో కాదు.

ముసలాయన రెండు రోజులు చూసి తోటలో సగం ఇంకొకరికి ఇచ్చేశాడు. మిగతా సగంలో ఇంతా నలభై ఆరు పెట్టెలు సర్దుకున్నాడు. పూత పద్ధెనిమిది రోజులు నిలిచింది. తేనె రెండు పీపాలూ, మూడో పీపాలో సగమూ వచ్చింది. కిందటేడు నలభై నాలుగు పెట్టెలకు మూడు పీపాలు నిండాయి.

ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం ఇంతా లెక్కల పుస్తకం తీశాడు. పోయిన పెట్టెలు అని రాసి, పక్కన, స్టీరింగు: ఆరు అని వేశాడు. ఎదురుగా పట్టు చట్రాలకు తీగలు బిగిస్తున్న సీపన్ మెడ చాచి చూసింది.

"స్టీరింగుకి ఆరా?"

"మరెంత?"

ఆమె తీగ బిగించి, వేలితో మీటి చూసి, ఇంకో చట్రం అందుకుంది. ఇంతా ఆరు కొట్టేసి నాలుగు వేశాడు. కింద కొత్త వరస తెరిచి, బేరం: రెండు అని రాశాడు. బేరంలో తగ్గించుకున్న మూడు చట్రాలు ఎక్కడ వెయ్యాలా అని చూశాడు. అవి రెండో రోజు కింద చెల్లిపోయాయి కాబట్టి ఎక్కడా వెయ్యలేదు.

ఒక పీపా తేనె పంపుకీ, సీలుకీ, తోట అద్దెకూ, చక్కెరకూ పోయింది. ఇంకో పీపా పెట్టి పోయిన ఆరు పెట్టెల స్థానంలో ఆరు కొన్నాడు. పెట్టెలు మళ్లీ యాభై రెండు. మిగిలింది అర పీపా.